ఎంగిలి పటం

ఎవరైనా కవరు అంచును నాలుకతో తడిపి అంటిస్తుంటే నేను ఇప్పటికీ చూడలేను. అసహ్యంతో కాదు, కోపంతో. మనవరాళ్లు నవ్వుతారు. "అమ్మమ్మకు పోస్టు కవరంటే పడదు" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్తారు. కవరు మీద నాకేం పగ? నా పగంతా ఎంగిలి అన్న ఒక్క మాట మీద. ఆ మాట అన్నవాళ్లంతా పోయారు. పోయినవాళ్ల గురించి చెడ్డగా రాయకూడదంటారు. నేను రాస్తాను. బతికున్నప్పుడు వాళ్లు నన్ను తక్కువేమీ అనలేదు.

మేము లాల్‌దర్వాజాలో ఒక ఇరుకు గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. రెండు అర్రలు, ముందర పశువుల కొట్టం. మా అత్తకు ఒక ఆవు, రెండు బర్రెలు. గల్లీలో సగం ఇళ్లకు ఆమె పాలే. మా ఆయన ఉస్మాన్‌గంజ్‌లో ఒక టోకు దుకాణంలో పార్సిళ్లు కట్టేవాడు. సబ్బులు, దువ్వెనలు, సూదులు జిల్లాలకు పంపే దుకాణం అది. అట్టపెట్టె మూసి నాలుగు వైపులా జిగురు పట్టీ అంటించడం ఆయన పని. ఆ పట్టీ గోధుమ రంగు కాగితం. చుట్టలు చుట్టలుగా బొంబాయి నుంచి వచ్చేది. ఒకవైపు జిగురు పూసి ఎండబెట్టి ఉంటుంది, తడి తగిలితే పట్టుకుంటుంది. తడపడానికి సేటు ఒక గిన్నెలో నీళ్లు, గుడ్డముక్క పెట్టించాడు. మా ఆయనకు అంత ఓపిక ఎక్కడిది? నాలుక చాచి దాని మీదుగా పట్టీని సర్రున లాగి అంటించేవాడు. "నా అంత జల్ది గంజ్‌ల ఎవ్వడు కట్టడు" అని గొప్పలు పోయేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఏం తిన్నా జిగురు రుచే అని సణుగుడు. ఒకరోజు నా పచ్చిపులుసును కూడా జిగురు లెక్క ఉన్నదన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు.

నాలుకతో తడిపిన పట్టీని నేను చూడగానే గుర్తుపడతాను. నాలుక నడుమనే తడుపుతుంది, అంచులు పొడిగా ఉండిపోతాయి. నాలుగు రోజులకు ఆ అంచులు లేచి లోపలికి చుట్టుకుంటాయి. గుడ్డతో తడిపింది అట్లా కాదు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పట్టుకుంటుంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

యుద్ధం రోజుల్లో పట్నం మీద బాంబులు పడతాయని ఒక పుకారు పుట్టింది. అద్దాలు పగిలి మీద పడకుండా వాటికి కాగితం పట్టీలు అంటించుకోవాలని ఎవరో చెప్పారట. గంజ్‌లో దుకాణాల అద్దాలన్నిటికీ అంటించారు. మా ఇంటికి ఉన్నదే ఒక్క అద్దం, గల్లీ వైపు కిటికీకి, రెండు జానల వెడల్పు. మా ఆయన పట్టీ తెచ్చి దాని మీద అడ్డంగా, నిలువుగా, ఐమూలగా అంటించాడు. మా అత్త నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"బాంబు వడితే అద్దం ఒక్కటే పలుగుతదా? బర్రెలకు గూడ అంటియ్యి బిడ్డా" అంది.

ఆ రోజు పొద్దుగూకే వేళ నేను నల్లా దగ్గర నీళ్లు పట్టుకుని వస్తున్నాను. లోపల అత్త కందిలి వెలిగించింది. గల్లీలోంచి మా కిటికీ వైపు చూసి బిందె దించేశాను. పగలు మట్టిరంగులో ఉన్న ఆ పట్టీలు దీపం వెనక్కి రాగానే తేనె రంగుకు తిరిగాయి. ఒకదాని మీద ఒకటి పడ్డచోట బెల్లం రంగు. నడుమ నాలుగు కలిసిన చోట చింతపండంత నలుపు. ఒక్క కాగితంలో ఇన్ని రంగులు ఉన్నాయని అప్పటిదాకా ఎవరూ చూడలేదు. చూసి ఉంటే పెట్టెలకు అంటించి పంపేసేవాళ్లు కాదు.

మరునాడు ఆ పట్టీలను తడిపి ఊడదీసి నా పని మొదలుపెట్టాను. వానాకాలం వస్తే దుకాణంలో చుట్టలు చెమ్మ తాగి ముద్దకట్టుకుపోయేవి. సేటు వాటిని బయట పారేయించేవాడు, మా ఆయన ఇంటికి తెచ్చేవాడు. నేను వాటిని అన్నం గంజి ఆవిరి మీద పట్టి, పొర తర్వాత పొర విప్పేదాన్ని. అద్దం మీద అంటించి, ఆయన గడ్డం గీసుకుని పారేసిన బ్లేడుతో కోసేదాన్ని. వెలుతురు కావలసిన చోట పొర తీసేయడం, చీకటి కావలసిన చోట ఇంకో పొర వేయడం, అంతే. ఆరిన తర్వాత పైన ఆముదం రుద్దితే కాగితం పలచబడి దీపం బాగా దిగుతుంది. మొదట మా పెద్ద బర్రెను చేశాను. కొమ్ములకు మూడు పొరలు, పొట్టకు రెండు, మూతికి ఒకటి. మా అత్త చాలాసేపు చూసి, "దీనికి పాలు తక్కువనే ఉంటయ్, పొదుగు చిన్నగ వెట్టినవ్" అంది. అది ఆమె మెచ్చుకోలు.

ఒక సాయంత్రం బార్కస్ నుంచి జామపండ్లు అమ్మే అరబ్బు ముసలాయన గంప దించి కిటికీలో బర్రెను చూశాడు. "యే కోన్ బనాయే అమ్మా?" అని అడిగాడు. నేనే అని చెప్పాను. ఆయన పెద్ద పండు ఒకటి ఏరి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఎవరు చేశారని అడిగిన మొదటి మనిషి ఆయనే. మా గల్లీలో అందరూ ఆ బర్రెను చూసి బాగుందన్నారు. ఎవరు చేశారని ఒక్కరూ అడగలేదు. పట్టీలు తెచ్చేది మా ఆయన కనుక పటం కూడా ఆయనదే అనుకున్నారు.

మా గల్లీ చివర ఒక చిన్న అమ్మవారి గుడి ఉండేది. పక్కపక్కన నలుగురు నిలబడితే ఐదో మనిషికి చోటు లేనంత చిన్నది. దాన్ని చూసుకునే ముసలాయనను అందరూ పెద్దయ్య అనేవాళ్లు. బోనాలకు నెల ముందు ఆయన మా గుమ్మం దగ్గర నిలబడి మా ఆయనను పిలిచాడు.

"తమ్మీ, నీ కిటికీల బర్రె మస్తుగున్నదిరా. అమ్మను గూడ గట్లనే చెయ్యరాదు? బోనాలకు గుళ్లె వెడదాం. మా ఇంట్ల బీరువా అద్దం ఉన్నది, ఇస్త."

"చేద్దాం పెద్దయ్యా" అన్నాడు మా ఆయన.

చేద్దాం అన్నాడు. మా ఇంటామె చేస్తుంది అనలేదు. నేను తలుపు వెనకాల పిండి జల్లిస్తూ విన్నాను. పెద్దయ్య వెళ్లాక అడిగాను.

"ఏమయ్యా, అమ్మను నువ్వు చేస్తవా?"

"ఎవరు చేస్తే ఏంది? ఇంట్ల చేసినట్టే గద" అన్నాడు, చెప్పులు విడుస్తూ.

నాకు ఒళ్లు మండింది. కానీ అమ్మవారు నా చేతికి వచ్చింది కదా అని సర్దుకున్నాను. సర్దుకోవడం నా తప్పు. అది ఇప్పుడు తెలుస్తోంది.

నెల రోజులు చేశాను. తెల్లవారి తానం చేసి, ఏమీ నోట పెట్టకుండా, పాల పని అయ్యేదాకా అద్దం ముందు కూర్చునేదాన్ని. బయట ఉన్న నాలుగు రోజులు ఆ వైపు పోలేదు. పసుపు నీళ్లలో ముంచిన కొత్త గుడ్డతో పట్టీ తడిపేదాన్ని. ముఖం ఒక్క పొర, జుట్టు నాలుగు, నాలుక రెండు. చేతులు చేయడానికే పది రోజులు పట్టింది. అన్నీ కుదిరాయి, కళ్లు కుదరలేదు.

కంటిపాపకు బియ్యపు గింజంత ముక్క కోయాలి. అట్లాంటివి నాలుగు ఒకదాని మీద ఒకటి వేయాలి, నడుమ గసగసమంత చోటు వదలాలి, అక్కడినుంచి దీపం మెరవాలి. గుడ్డతో తడిపితే ఆ ముక్క నానిపోయి చుట్టుకుంటుంది, లేదా జారి చెంప మీదికి వస్తుంది. మూడు రోజులు కోశాను, పాడుచేశాను. నాలుగోరోజు ఆ ముక్కను నాలుక కొసకు తాకించి పెట్టాను. నిలబడింది. ఎనిమిది ముక్కలు, రెండు కళ్లు. ఆ సమయంలో నాకు ఎంగిలి అన్న ఆలోచనే రాలేదు. పిల్లకు కాటుక చెదిరితే తల్లి కొంగు కొస నోట తడిపి తుడవదా? నాకూ అంతే అనిపించింది. కందిలి వెనక పెట్టి చూస్తే అమ్మ నన్నే చూస్తోంది. నేను ఎటు జరిగితే అటు చూస్తోంది. అత్తను పిలిచాను. ఆమె వచ్చి పేడ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడిపోయింది. ఈసారి పొదుగు మాట ఎత్తలేదు.

బోనాల నాడు సాయంత్రం గుడిలో విగ్రహం పక్కన అద్దం నిలబెట్టి వెనకాల కందిలి పెట్టారు. నేను బోనం నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ల వరసలో ఉన్నాను. ముందున్న వాళ్లు ఒక్కొక్కరే ఆ పటం చూసి ఆగిపోతున్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. పెద్దయ్య మా ఆయనను ముందుకు పిలిచి మెడలో బంతిపూల దండ వేశాడు.

"వీని చేతులల్ల అమ్మనే ఉన్నది" అన్నాడు అందరికీ వినపడేట్టు.

మా ఆయన దండ సర్దుకుని నావైపు ఒకసారి చూశాడు, తర్వాత నేలవైపు చూశాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కదా, దాన్ని నేను కళ్లారా చూశాను. నెత్తిన బోనం ఉంది, కోపంతో మెడ వణికితే కుండ మీద దీపం ఊగుతోంది. బోనం అమ్మకు అప్పగించేదాకా ఆగాను. అప్పగించి ఖాళీ చేతులతో తిరిగాను.

"పెద్దయ్యా, పటం చేసింది నేను" అన్నాను.

"నువ్వు గూడ చెయ్యి వెట్టినవా బిడ్డా? మంచిగైంది" అన్నాడు ఆయన నవ్వుతూ.

"చెయ్యి వెట్టుడు కాదు. మొత్తం నేనే చేసిన. ఆయనకు పెట్టెలకు అంటించుడే వస్తది."

అందరూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన దండలోని పువ్వును గిల్లుతూ, "ఇంట్ల చేసినం పెద్దయ్యా" అన్నాడు.

నా వెనకనుంచి మా అత్త గొంతు వచ్చింది. "ఇంట్ల ఎవరు చేసిండ్రురా? నేను చేసిన్నా, బర్రె చేసిందా? చక్కగ చెప్పు."

"ఆమెనే చేసింది" అన్నాడు చివరికి.

అప్పటిదాకా ఆ పటం గురించి ఒక్కరికీ ఒక్క అనుమానం లేదు. మగవాడు చేశాడనుకున్నంతసేపు తానం చేశాడా, ఏం నీళ్లు వాడాడు అని ఎవరూ అడగలేదు. గంజ్‌లో రోజంతా పట్టీలు నాకి వచ్చే మనిషని గల్లీ అంతటికీ తెలుసు, అయినా అడగలేదు. నేను చేశానని తెలియగానే పెద్దయ్య ముఖం మారింది. నలుగురు మగవాళ్ల ముందు నిలబెట్టి అడిగాడు.

"ముట్టు రోజులల్ల ముట్టుకున్నవా?"

"ఆ దిక్కే పోలే."

"తానం చేసే చేసినవా?"

"చేసే చేసిన."

"మరి జిగురు దేనితోని తడిపినవ్?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "తడిగుడ్డతోని పెద్దయ్యా. పసుపు నీళ్లల్ల ముంచి. నేను చూసిన."

ఆయన నా పక్షాన మాట్లాడటం అదే మొదలు. ఊరుకుంటే ఆ మాటతో సరిపోయేది. పటం గుడిలో ఉండేది, ఏటా బోనాలకు దాని వెనక దీపం వెలిగేది. నాకు కావలసింది అదే. కానీ ఆ కళ్లు నన్ను చూస్తున్నాయి. వాటి ముందు అబద్ధం ఎట్లా ఆడను?

"అంత గుడ్డతోనేనా?" అన్నాడు పెద్దయ్య నావైపే చూస్తూ.

"అంత గుడ్డతోనే. కండ్లకు మాత్రం నాలుకతోని తడిపిన" అన్నాను.

ఒకామె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనక్కి జరిగింది, నేనేదో కింద పారబోసినట్టు. ఇందాక పటం చూసి కళ్లు తుడుచుకున్నది కూడా ఆమే. పెద్దయ్య వంగి కందిలి ఊదేశాడు. అంతే, అమ్మ పోయింది. అద్దం మీద గోధుమ రంగు కాగితం మిగిలింది.

"ఎంగిలి కాయితం వెట్టి దేవత అంటే ఎట్లమ్మా" అన్నాడు. "పూజ అందుకున్నది గనక పారేయొద్దు. మూసీల కలుపుండ్రి."

దారి పొడుగునా మా ఆయన అద్దం మోసుకుని నా ముందు నడిచాడు. ఇంటికొచ్చాక అడిగాడు, "గుడ్డతోని అని ఊకుంటే ఏంబోవు? ఎందుకు చెప్పినవ్?"

"అడిగిండ్రు, చెప్పిన" అన్నాను. నిజమాడితే నిష్ఠూరమని చిన్నప్పుడే చెప్పారు నాకు. చెప్పినవాళ్లే అబద్ధమాడితే కళ్లు పోతాయని కూడా చెప్పారు. ఏది వినాలి?

మరునాడు పొద్దున పెద్దయ్య ఎప్పటిలాగే ఇత్తడి చెంబు పట్టుకుని అమ్మవారి అభిషేకానికి పాల కోసం వచ్చాడు. మా అత్త ఆవు దగ్గర కూర్చుని దూడను వదిలింది. దూడ నాలుగు గుక్కలు తాగాక ఆవు పాలు చేపింది, అత్త దూడను పక్కకు లాగి కట్టేసి పితికింది. గల్లీ వాళ్లందరికీ పోసింది. పెద్దయ్య చెంబు వంతు వచ్చేసరికి చేయి ఆపింది.

"పెద్దయ్యా, దూడ నోరు వెట్టింది. ఎంగిలి పాలు అమ్మకెట్ల పోస్త?"

"అది వేరే, ఇది వేరేనే. పసి జీవికి దోషం ఉండది" అన్నాడు.

"దూడకు లేని దోషం నా కోడలికి యాడికెళ్లొచ్చింది?"

ఆయన చెంబు పట్టుకుని గల్లీలో ఇంకో ఇంటికి వెళ్లాడు. అక్కడా ఆవు ఉంది, దానికీ దూడ ఉంది. అక్కడి పాలు తెచ్చి అమ్మకు పోశాడు. మా అత్త ఆ రోజునుంచి గుడికి పాలు ఇవ్వలేదు, ఆమెకు ఆ పట్టుదల ఉండేది.

నేను అద్దాన్ని మూసీలో కలపలేదు. మా ఆయన రెండుసార్లు గుర్తుచేశాడు, మూడోసారి నా ముఖం చూసి మానేశాడు.

పది రోజులకు పెద్దయ్య చార్మినార్ వైపు పటాల దుకాణంలో అమ్మవారి రంగుల పటం ఒకటి కట్టించాడు. బొంబాయిలో అచ్చయిన బొమ్మ, పైన అద్దం, చుట్టూ చెక్క. అద్దం సామాను మోయడం తెలుసు కనుక, వారం తర్వాత దాన్ని తెచ్చే పని మా ఆయనకే చెప్పాడు. ఆయన సిగ్గు లేకుండా ఒప్పుకున్నాడు. దారిలో ఇంటి దగ్గర ఆగి నీళ్లు తాగడానికి పటాన్ని గోడకు ఆనించాడు, దాని వీపు ఇటువైపు పెట్టి. నేను నీళ్ల చెంబు అందిస్తూ దాన్ని చూశాను.

పటం వెనక అట్ట. అట్ట చుట్టూ, లోపలికి దుమ్ము పోకుండా, అదే గోధుమ రంగు జిగురు పట్టీ. నాలుగు వైపులా దాని అంచులు లేచి లోపలికి చుట్టుకుని ఉన్నాయి.

"ఏమయ్యా, ఇది దేనితోని తడిపిండ్రు?" అన్నాను.

ఆయన వంగి చూశాడు. వేలితో అంచు తాకి చూశాడు. పటం ఎత్తుకుని గుమ్మం దిగాడు. నేను కొంగు దోపుకుని ఆయన వెంట గుడికి నడిచాను.

గుడి దగ్గర పెద్దయ్య, మరో ముగ్గురు మేకు కొట్టి చూస్తున్నారు. "పెద్దయ్యా, పటం వెనక్కు తిప్పి చూడుండ్రి" అన్నాను. ఆయన తిప్పాడు. ఏం చూడాలో తెలియక నావైపు చూశాడు. అప్పుడు మా ఆయన మాట్లాడాడు. భార్య గురించి నోరు పెగలని మనిషి, తన పని గురించి మాత్రం అబద్ధం చెప్పలేకపోయాడు.

"నాలుకతోని తడిపిందే పెద్దయ్యా. గుడ్డతోని అయితే అంచులు లేవయి. పటాల దుకాణంల అందరు గట్లనే చేస్తరు."

ముగ్గురూ పెద్దయ్యను చూశారు. ఆయన ఆ పట్టీని చూశాడు. తర్వాత పటాన్ని మళ్లీ ముందుకు తిప్పి, చొక్కా చేతితో అద్దం తుడిచి, మేకుకు తగిలించాడు.

"ఎనుక ఎవరు చూస్తరు బిడ్డా?" అన్నాడు. "అమ్మ మొఖం ముందటుంటది."

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. ఈయన నలుపును కళ్లతో చూశాడు, చూసి గోడవైపు తిప్పేశాడు. ఎవడో ముక్కూ మొహం తెలియని పనివాడి ఎంగిలి అయిదారు జానల పొడవున చుట్టుకుని ఉంటే పనికొచ్చింది. నెల రోజులు పస్తులతో కూర్చున్న నా నాలుక కొస బియ్యపు గింజంత ముక్కకు తగిలితే దేవత పోయింది. తేడా ఒక్కటే. అతను తన ఎంగిలిని వెనకాల పెట్టాడు. నా పటంలో వెనకాల దాచుకోవడానికి చోటు లేదు. దీపమే వెనకాల ఉంటుంది, ఉన్నదంతా ముందుకు కనిపిస్తుంది.

ఇంటికొచ్చి బీరువా అద్దాన్ని మా కిటికీకి నిలబెట్టాను. కిటికీకి పెద్దదైంది, రెండు ఇటుకలు పెట్టి ఆనించాను. పొద్దుగూకగానే వెనకాల కందిలి నేనే వెలిగించాను. గుడికి పోవాలంటే మా గుమ్మం ముందునుంచే పోవాలి. కొందరు తల తిప్పుకుని పోయేవాళ్లు. కొందరు ఎవరూ చూడకుండా దండం పెట్టుకుని పోయేవాళ్లు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్న ఆమె కూడా పెట్టుకుంది. నేను చూశానని ఆమెకు తెలుసు. పెద్దయ్య మాత్రం బతికినన్నాళ్లు మా కిటికీ దగ్గరకు వచ్చేసరికి గొడుగు ఆవైపు వంచుకునేవాడు, వాన ఉన్నా లేకున్నా.

బార్కస్ ముసలాయన మళ్లీ వచ్చినప్పుడు మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. ముసలాయన గంప దించి కిటికీలో ఆ కళ్లను చాలాసేపు చూసి, ఎవరు చేశారని మా ఆయనను అడిగాడు. నేను లోపల బియ్యం చెరుగుతూ చేట ఆపి విన్నాను.

"ఇంట్ల చేసినం భాయ్" అన్నాడు మా ఆయన.

ఆయన మంచివాడే. నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, వానాకాలమంతా నాకు చుట్టలు మోసుకొచ్చాడు, చివరి జబ్బులో నా చేతి నీళ్లే అడిగాడు. కానీ చచ్చేదాకా, ఎవరడిగినా, ఆ మాటే చెప్పాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పటం ఇంట్లో చేసింది కాదు. అది నేను చేశాను. ఆ కళ్లు తడిపింది నా నాలుకే.